‘వేము పాలుబోసి’ పద్యం: చెడు పుట్టుకతోనే వస్తుందా?

వేపకు వెయ్యేళ్లు పాలుపోసి పెంచినా చేదు పోదనే ‘వేము పాలుబోసి వేయేండ్లు పెంచిన’ పద్యం చూపించి, చెడ్డబుద్ధి పుట్టుకతోనే వస్తుందని వేమన తేల్చేశాడని కొందరు అంటుంటారు. అదే మకుటంతో ‘తినగ తినగ వేము తియ్యనుండు, సాధనమున పనులు సమకూరు ధరలోన’ కూడా ఉంది కదా. ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తే ఎలా?

ఈ రెండో పద్యాన్ని బళ్లో సాధన గొప్పతనం కోసం నేర్పుతారు, అది సరే. కానీ ఇందులో వేప చేదుగానే ఉంది. మారింది తినేవాడి నాలుక. ఇంట్లో రోజూ కొట్టడం, తిట్టడం చూస్తూ పెరిగిన పిల్లవాడికి ఇంకొకరిని కొట్టడం తప్పనిపించకపోవడం కూడా ఇలాంటి అలవాటే. పెంపకం చెడును కూడా తియ్యగా చేయగలదు. ఈ పద్యంలో నన్ను భయపెట్టేది అదే.

ఇక ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అన్న సామెత. విసుగులో ఒక మనిషిని అంటే అక్కడితో పోతుంది. ఒక జాతి మొత్తాన్ని అంటే? బ్రిటిష్ వాళ్లు ఆ మాటనే చట్టం చేశారు. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల తెగవారిని అందులో చేర్చారు. పోలీసుల దగ్గర పేరు నమోదు, వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే, అంటే ఈ తెగలవాళ్లను నిఘాలో ఉంచిన కాలనీ. దాన్ని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపింది. అంతకుముందు ఎరుకలవారిలో చాలామంది పశువుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్నవాళ్లు. ఉప్పు పన్ను, రైళ్లు వచ్చి ఆ బతుకుతెరువును దెబ్బతీశాయి. పుట్టుబుద్ధి అని ముద్ర వేసినవాళ్లు ఈ సంగతి లెక్కలోకే తీసుకోలేదు.

ఆ చట్టమే పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో పెట్టే అధికారం కూడా ఇచ్చింది. నేరం రక్తంలోనే ఉంటే బడి దేనికి? పెంపకంలో ఉంటే పుట్టిన బిడ్డ మీద ముద్ర దేనికి? ఏ వాదం పట్టుకున్నా నలిగింది ఆ కుటుంబాలే.

1952లో చట్టం దేశమంతటా రద్దయింది. స్టూవర్టుపురం పేరును తిట్టుగా వాడటం మాత్రం ఇంకా వినబడుతూనే ఉంది. అందుకే ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి’ సామెతకు అర్థం రాసేవాళ్లు, దాన్ని ఎవరి మీద ప్రయోగించారో కూడా ఒక వాక్యం రాయాలని నా కోరిక.