మూడు వేల పాత ఫోటోలకి ఏ స్కానర్ తీసుకోవాలి?

ప్రశ్న:
రెండు అట్టపెట్టెల నిండా పాత ఫోటోలున్నాయి, మూడు వేల పైమాటే. ఎక్కువ 4×6 కలర్ ప్రింట్లు, కొన్ని బ్లాక్ అండ్ వైట్, ఒక కవర్లో నెగెటివ్‌లు. ఇంట్లో ప్రింటర్ మీదున్న స్కానర్‌తో ఓ ఇరవై చేసి చూశాను. ఫోటో పెట్టడం, మూత వేయడం, క్రాప్ చేసుకోవడం, సాయంత్రమంతా దానికే పోయింది. ఇలా గాజు మీద పెట్టి మూత వేసే ఫ్లాట్‌బెడ్ రకమే కొనాలా, ఫోటోలు వరసగా లాగేసుకునే ఫీడర్ రకమా? స్కానర్ పెట్టె మీద 4800, 6400 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు) అని ఉంటుంది కదా, అది చూసి కొనొచ్చా?

జవాబు 1:
ఆ అంకె చూసి మాత్రం కొనకండి. ప్రింట్లకి 600 చాలు. 4×6 ఫోటో 600లో చేస్తే 2400×3600, అంటే 86 లక్షల పిక్సెళ్లు. 1200 పెడితే పిక్సెళ్లు నాలుగింతలవుతాయి, కొత్తగా కనిపించేది కాగితం గరుకుతనమే. పెద్ద అంకెలు నెగెటివ్‌లకి పనికొస్తాయి, ఎందుకంటే అక్కడ ఫ్రేమ్ సైజే 36×24 మిల్లీమీటర్లు.

మూడు వేలంటే నా ఓటు ఫీడర్‌కే. ఎప్సన్ ఫాస్ట్‌ఫోటో 680 లాంటిది 300 డీపీఐలో దాదాపు సెకనుకొకటి లాగేస్తుంది, వెనకవైపు పెన్నుతో రాసిన పేర్లు, తేదీలు కూడా అదే విడతలో వచ్చేస్తాయి. అదే ఫ్లాట్‌బెడ్ అయితే ఏ4 గాజు మీద 4×6వి నాలుగు పడతాయనుకుంటాం, కానీ గాజు పొడవు 11.7 అంగుళాలే కాబట్టి పట్టేది మూడే. అంటే వెయ్యి సార్లు మూత తీసి వేయాలి. విడతకి రెండు నిమిషాలేసుకున్నా 33 గంటలు. ఓపిక ఉంటే మీ ఇష్టం.

జవాబు 2:
పైన చెప్పింది నిజమే గానీ ఫీడర్‌తో నాకు తగిలిన దెబ్బ కూడా వినండి. నాలుగు వందల ఫోటోలయ్యాక తీరిగ్గా తెరిచి చూస్తే, ప్రతి దాంట్లోనూ పైనుంచి కిందికి సన్నటి ఆకుపచ్చ గీత, సరిగ్గా మొహాల మీదుగా! లోపల గాజు మీద ఆవగింజలో పావు వంతు కూడా లేని మురికి అంటుకుంది, అంతే. అన్నీ మళ్లీ చేశాను. ఫ్లాట్‌బెడ్‌లో దుమ్ము ఉంటే చుక్క పడుతుంది, ఫీడర్‌లో కాగితం కదులుతుంది కాబట్టి గీతవుతుంది. యాభైకోసారి గాజు తుడిచి, చివరి ఫోటోని ఫుల్ సైజులో చూడండి.

చిరిగినవి, చుట్టుకుపోయినవి, వెనక జిగురున్నవి ఫీడర్‌లో పెట్టొద్దు. వాటికి పాత ఫ్లాట్‌బెడ్ చాలు. ఒక్కటి గమనించండి, పల్చటి స్కానర్లలో ఉండే సీఐఎస్ సెన్సర్ గాజుకి ఆనుకున్నదాన్నే స్పష్టంగా పట్టుకుంటుంది, కాస్త పైకి లేచిన అంచు మసకబారుతుంది. సీసీడీ అనే ఇంకో రకం సెన్సర్‌కి ఆ బాధ తక్కువ.

జవాబు 3:
నెగెటివ్‌లు బాగుంటే ఆ ప్రింట్లు వదిలేసి నెగెటివ్‌లే చేయండి, ప్రింటులో పోయిన వివరాలు వాటిలో ఉంటాయి. ఎప్సన్ వీ600 లాంటి స్కానర్లలో డిజిటల్ ఐస్ ఉంటుంది, ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ము, గీతలు కనిపెట్టి తీసేస్తుంది. మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కి మాత్రం ఆపేయండి, అందులోని వెండినే గీతలనుకుని బొమ్మంతా పాడు చేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్ అండీ. ఫీడర్‌ది వారానికి అద్దెకి దొరుకుతుందేమో చూస్తాను, ఒకసారి చేసే పనికి కొనడం దండగ. మరి జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయినవో? ఒకటి లాగితే మూల చిరిగింది, టెన్షన్ వచ్చి ఆపేశాను.

జవాబు 2:
ఇంక లాగొద్దు! పళ్ల మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారం ఫోటో కిందికి పోనిచ్చి, రంపంలా అటూ ఇటూ మెల్లగా ఆడించండి. దానికీ రాకపోతే పేజీతో సహా ఫ్లాట్‌బెడ్ మీద బోర్లించి స్కాన్ చేసేయండి.