చిన్న స్క్రిప్టులోనే ఏపీఐ కీ రాసిపెట్టుకోవడం తప్పా?

హనుమకొండ సభ్యుడు:
పత్తి, మిర్చి ధరలను రోజూ ఉదయం నాన్నగారికి చూపించడానికి ఇరవై వరుసల పైథాన్ స్క్రిప్టు రాసుకున్నాను. పంటను ఏనుమాముల మార్కెట్‌కు ఏ రోజు తోలాలో ఆయన వాటిని చూసే నిర్ణయిస్తారు. ధరలు ప్రభుత్వ సమాచార వెబ్‌సైటు డేటా.గవ్.ఇన్ నుంచి వస్తాయి. అక్కడ ఏపీఐ కీని, అంటే అడుగుతున్నది ఎవరో ఆ సేవకు తెలిపే రహస్య సంకేతాన్ని, యూఆర్‌ఎల్‌లోనే (వెబ్ చిరునామాలోనే) చేర్చి పంపాలి. ఆ కీని స్క్రిప్టులోనే రాశాను. నేనొక్కడినే వాడుకునే దానికి ఇంతకంటే ఏర్పాటు అవసరమా?

కరీంనగర్ సభ్యుడు:
అవసరం లేదని నా అభిప్రాయం. ఆ కీ ఎవరి చేతిలో పడినా వారు చదవగలిగేది అందరికీ తెరిచి ఉన్న ధరలనే. బ్రౌజర్‌లో అనుమతి తీసుకుని, గడువు తీరిన టోకెన్‌ను (తాత్కాలిక అనుమతి సంకేతాన్ని) మళ్లీ మళ్లీ తెచ్చుకునే ఓఆత్ పద్ధతి, ఇతరుల ఖాతాలోని సమాచారాన్ని వారి పాస్‌వర్డ్ అడగకుండా చదవవలసిన చోట సబబు. నిర్ణీత వేళకు క్రాన్ అనే సాధనం తానే నడిపే ఇంత చిన్న స్క్రిప్టుకు అది మోయలేని బరువు.

కాజీపేట సభ్యురాలు:
ఓఆత్ అక్కర్లేదన్న మాటతో ఏకీభవిస్తాను. కీ స్క్రిప్టులో ఉండవచ్చన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. స్క్రిప్టు మన దగ్గరే ఉండిపోదు, ఎవరో ఒకరు అడుగుతారు, మనమూ పంపుతాం. నేను మెయిల్ పంపే స్క్రిప్టు ఒకదాన్ని కోడ్ పంచుకునే గిట్‌హబ్‌లో పెట్టి, మర్నాడు కీ ఉన్న వరుసను తొలగించి నిశ్చింతగా ఉన్నాను. పాత కమిట్ (అక్కడ భద్రమై ఉన్న మునుపటి రూపం) తెరిచి చూస్తే కీ అక్షరం పోకుండా అక్కడే ఉంది. దాన్ని రద్దుచేసి కొత్తది తీసుకోవడం తప్ప వేరే దారి లేకపోయింది.

యూఆర్‌ఎల్‌లో కీ ఉన్నప్పుడు ఇంకొంత జాగ్రత్త కావాలి. హెచ్‌టీటీపీఎస్ దారిలో దాన్ని దాచినా సర్వర్ లాగులలో (వచ్చిన అభ్యర్థనల చిట్టాలో) అది నమోదు కావచ్చు. అందుకే 2012 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 6750, బేరర్ టోకెన్లను (ఎవరి దగ్గర ఉంటే వారికే అనుమతి దొరికే సంకేతాలను) యూఆర్‌ఎల్‌లో కాక, అభ్యర్థనతో విడిగా వెళ్లే హెడర్‌లో పంపమంటుంది. ఈ సేవలో మనకు ఆ వీలు లేదు కనుక, కీని హోమ్ ఫోల్డరులో వేరే ఫైలుగా ఉంచి, దానికి 600 అనుమతి (సొంతదారు మాత్రమే చదివి, రాయగల అమరిక) ఇచ్చి, స్క్రిప్టు అక్కడి నుంచి చదివేలా చేయండి. కమాండ్ వరుసలో మాత్రం ఇవ్వకండి. ల్యాబ్ కంప్యూటరులో పక్కవారు, నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా చూపే 'పీఎస్' కొడితే కనబడుతుంది. పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీలో, విఫలమైన జవాబును ఎర్రర్‌గా చూపే రెయిజ్_ఫర్_స్టేటస్ వాడితే, 401 (అనుమతి లేదన్న జవాబు) వచ్చినప్పుడు ఎర్రర్ సందేశంలో యూఆర్‌ఎల్ మొత్తం, కీతో సహా, అచ్చవుతుందని కూడా గమనించండి.

హనుమకొండ సభ్యుడు:
మీ చివరి వాక్యం చదివి పాత సందేశాలు వెతికాను, మేడమ్. కిందటి వారం సరిగ్గా అలాంటి ఎర్రర్‌నే ఫొటో తీసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టి సాయం అడిగాను. కీ అందులో స్పష్టంగా ఉంది. కొత్త కీ తీసుకుని, మీరు చెప్పినట్లు వేరే ఫైలులో పెట్టాను.