ఎర్రమట్టి దిబ్బల ముందు మన నూరేళ్లు ఎంత?

భీమిలి బాటసారి: నిన్న సాయంత్రం దిబ్బల్లో కూర్చున్నాను. గాలీ వానా సముద్రమూ కలిసి వేల ఏళ్లుగా మలిచిన నేల, నా కంటికి మాత్రం కదలదు. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు. దాన్ని ఒక్క ఏడాదికి కుదిస్తే నూరేళ్ల బతుకు 0.23 సెకను. ఇంత చిన్న చూపుకి విశ్వం ఏం అందుతుంది?

లెక్కల మాస్టారు: ఎందుకు అందదండీ? 1923లో ఖగోళ శాస్త్రవేత్త హబుల్ ఆండ్రోమెడా గెలాక్సీలో ఒక నక్షత్రాన్ని పట్టుకున్నాడు. దాని వెలుగు సుమారు 31 రోజులకోసారి పెరిగి తగ్గుతుంది. ఆ నెల రోజుల లయను బట్టే దాని అసలు వెలుగెంతో, దాన్నిబట్టి దూరమెంతో లెక్కగట్టి, అది మన పాలపుంతకు బయట ఉందని తేల్చాడు. ఆ దూరం 25 లక్షల కాంతి సంవత్సరాలని ఇప్పుడు తెలుసు. ఆయుష్షు అడ్డమొచ్చిందా?

సాగర్‌నగర్: ఊళ్లో లైట్ల వెలుతురుకి ఆండ్రోమెడా కనిపించదు. అరకు వెళ్లాలి.

పెందుర్తి శాస్త్రి: కల్పం 432 కోట్ల ఏళ్లని మన పెద్దలు ఎప్పుడో అన్నారు. భూమి వయసు 454 కోట్లు!

లెక్కల మాస్టారు: తేడా 22 కోట్లు. డైనోసార్లు బతికిన కాలం కూడా అంత లేదు. పైగా కల్పమంటే బ్రహ్మకు పగలు, భూమి వయసు కాదు.

పెందుర్తి శాస్త్రి: అంత కాలాన్ని ఊహించారు అంటున్నాను. మీరు అంకె పట్టుకుని వేలాడుతున్నారు.

జాలరిపేట: ఈ కోట్ల లెక్కలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. దిబ్బల పక్కన మట్టి తవ్వేస్తున్నారని ఒక ఆఫీసుకి వెళ్లి చెప్తే, "వెయ్యేళ్లకి ఎలాగూ కొట్టుకుపోయేవే కదా" అని పంపేశారు.

లెక్కల మాస్టారు: దానికీ దీనికీ ఏం సంబంధం? టాపిక్ మార్చకండి.

జాలరిపేట: మీకు లేదు, నాకుంది! మా నాన్న చంద్రుణ్ణి చూసి పోటూ పాటూ చెప్పేవాడు. టెలిస్కోపు లేనివాడికి ఏమీ తెలీదన్నట్టుంది మీ మాట.

లెక్కల మాస్టారు: అలా అనలేదు. మా ఆవిడ పోయినప్పుడు ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "ఇంత సృష్టిలో మనమెంతండీ" అన్నారు. అది నాకు ఓదార్పు కాలేదు, కోపం వచ్చింది. మనం చిన్నవాళ్లమని ఎవరన్నా అప్పట్నుంచి ఊరుకోలేను.

భీమిలి బాటసారి: నన్ను క్షమించండి మాస్టారూ. ఆ మాటే నిన్న నాకు మనసు తేలిక చేసింది.

జాలరిపేట: నేను చెప్పేదీ మాస్టారి మాటే. వేల ఏళ్ల దిబ్బకి జేసీబీ ఒక్క పూట చాలు. చిన్నవాళ్లమైతే అంత పని ఎలా చేస్తాం? ఆదివారం ఆరింటికి రండి, కొత్త గొయ్యి చూపిస్తాను.

లెక్కల మాస్టారు: వస్తాను. టేపు తెస్తాను, కొలిచి రాసుకుందాం.