నిజంగా మంచిపిల్లవి, నిజానికి మంచిపిల్లవి

మిత్రులందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర మూడురోజులుగా ఆగిపోయి ఉన్నాను, మీరు కూడా ఆలోచిస్తారని ఇక్కడ పెడుతున్నాను.

"నువ్వు నిజంగా మంచిపిల్లవి." "నిజానికి నువ్వు మంచిపిల్లవి." ఈ రెండూ ఒకటేనా?

నా చెవికి ఒకటి కావు. మొదటిది ఉత్త మెచ్చుకోలు. రెండోది వినగానే, అంతకుముందు ఎవరో కాదన్నారని తెలిసిపోతుంది. ఎవరూ ఏమీ అనకపోతే "నిజానికి" అనాల్సిన పనేముంది?

"రైలుబడి" మళ్ళీ చదువుతుంటే వచ్చిన సందేహం ఇది. తెలుగులో ఆ పేరుతో వచ్చిన జపాన్ పుస్తకం మీలో చాలామంది చదివే ఉంటారు. రాసినావిడ తెత్సుకో కురొయనాగి 1933లో టోక్యోలో పుట్టారు. ఒకటో తరగతిలోనే ఆమెను బడినుంచి పంపించేశారు. పాఠం జరుగుతుంటే డెస్కు మూత తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం. కిటికీ దగ్గర నిలబడి వీధిలో పోయే వాద్యగాళ్ళను కేకేసి పిలవడం. ఇవీ ఆ పిల్ల చేసిన నేరాలు. తరవాత చేర్చిన తొమొయె బడిలో పాత రైలుపెట్టెలే తరగతి గదులు. అక్కడి హెడ్మాస్టరు సొసాకు కొబయాషి మొదటిరోజే ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని నాలుగు గంటలు విన్నారు. తరవాత ఆమె కనిపించినప్పుడల్లా ఒకటే మాట అనేవారు: "కిమి వా, హొంతో వా, ఈ కో నాన్ దా యో."

కిమి అంటే నువ్వు. ఈ కో అంటే మంచిపిల్ల. నన్ను ఆపేసింది మధ్యలో ఉన్న "హొంతో వా". హొంతో అంటే నిజం. దాని పక్కన చేరిన "వా" ఇక్కడ మన "అయితే", "మటుకు" చేసే పనే చేస్తుంది. మిగతా వాళ్ళు ఏమైనా అనుకోనీ, నిజానికైతే, అని ఒక గీత గీస్తుంది. చివరి "నాన్ దా యో" మన "సుమా"కి దగ్గర. ఇంగ్లీషులో "రియల్లీ" అనే ఒక్క మాట రెండు అర్థాలనూ మోసేస్తుంది. మనకు ఆ వీలు లేదు, ఏదో ఒకటి ఎంచుకోవాలి.

ఎంచుకోవడం ఎందుకు కష్టమో చెప్తాను. ఆ మాట విన్నప్పుడల్లా చిన్నపిల్ల "అవును, నేను మంచిపిల్లనే!" అని గంతులేసేది. "మంచిపిల్ల" వినపడింది, "హొంతో వా" వినపడలేదు. ఎలా వినపడుతుంది? బడినుంచి తీసేసిన సంగతి ఇరవయ్యేళ్ళు దాటేదాకా వాళ్ళమ్మ ఆమెకు చెప్పనేలేదు. ఆ మాటలోని లోపలి అర్థం ఎన్నో ఏళ్ళకు గానీ తెలియలేదని ఆమే రాసుకున్నారు. పుస్తకం 1981లో వచ్చేసరికి ఆమెకు నలభై ఏడేళ్ళు. బడి 1945 బాంబుదాడుల్లో కాలిపోయింది, హెడ్మాస్టరు 1963లో పోయారు. చెప్పినవాళ్ళు లేరు, చెప్పిన చోటు లేదు, మాట మాత్రం అప్పుడు అర్థమైంది. నన్నడిగితే ఆ పుస్తకం పుట్టిందే ఆ ఆలస్యంలోంచి. ఏడేళ్ళ చెవి విన్నదీ, నలభై దాటిన చెవి విన్నదీ ఒకే పేజీలో ఉంటాయి. పిల్లలు చదివితే గంతులు కనిపిస్తాయి, మనం చదివితే గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

పేరు సంగతి కూడా చూడండి. జపాన్ భాషలో దాని పేరు "మాదోగివా నో తొత్తో చాన్", అంటే కిటికీ పక్కని తొత్తో చాన్. తొత్తో చాన్ ఆమె చిన్నప్పటి ముద్దుపేరు. ఆ రోజుల్లో అక్కడి ఆఫీసుల్లో పని లేకుండా పక్కన పెట్టేసిన ఉద్యోగులను "కిటికీ పక్కవాళ్ళు" అనేవారు. వాద్యగాళ్ళ కోసం నిలబడ్డ కిటికీ, పక్కకు నెట్టేసిన కిటికీ, రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. మన "రైలుబడి"లో ఆ గాయం లేదు, బడి తాలూకు సంతోషం ఉంది. వీధిబడి, వానాకాలం బడి లాగా నోట్లో ఇట్టే పట్టే మాట. నాకది చాలా ఇష్టం.

ఇంతకీ, ఆ వాక్యాన్ని మీరైతే తెలుగులో ఎలా రాస్తారు?

వ్యాఖ్య: అక్కా, "నువ్వు మంచిపిల్లవే" అంటే సరిపోదా? ఆ చివరి "ఏ"లోనే అంతా ఉంది కదా.

జవాబు: తమ్ముడూ, ఆ "ఏ" అంటేనే నాకు భయం. మా అబ్బాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు పేరెంట్స్ మీటింగులో వాళ్ళ టీచరు "మీవాడు మంచివాడేనండీ" అని ఆగింది. ఆ ఆగడంలోనే తరవాత రాబోయే "కానీ" నాకు వినిపించింది. పక్కనే నిలబడ్డ వాడికీ వినిపించింది. నా కొంగు చివర వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. ఎంత ప్రేమగా అన్నా ఆ "ఏ" వెనక "కానీ" కాచుకుని ఉంటుంది. కొబయాషి మాట వెనక "కానీ" లేదు. "కానీ" అనాల్సిన వాళ్ళంతా ముందే అనేశారు, ఆయన దాని తరవాత మాట్లాడుతున్నారు.

వ్యాఖ్య: సంస్కృతంలో నిజ అంటే సత్యమని కాదమ్మా, తనదైనది, సహజంగా ఉన్నది అని. నిజగుణం అంటాం కదా. సత్యం అనే అర్థంలో మనం స్థిరపరచుకున్నాం. ఆ లెక్కన "నిజానికి" అంటే "నీ స్వభావానికి" అని కూడా వస్తుంది.

జవాబు: మాస్టారూ, దణ్ణం. ఇది నాకు తట్టలేదు. అయితే అర్థంలో "నిజానికి"కే మొగ్గు. మరి పిల్లకు వినపడకుండా దాటిపోవాలి కదా, అక్కడ చిక్కు.

వ్యాఖ్య: "అసలు" ఎలా ఉంటుందండీ? "అసలు నువ్వు మంచిపిల్లవి సుమా." అరబ్బీలో అసల్ అంటే వేరు, మూలం. మనం రోజుకు వందసార్లు వాడతాం కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

జవాబు: ఇది చదివి ఫోను పక్కన పెట్టి, మా చెల్లెలి కూతురికి జడ వేస్తూ రెండూ అని చూశాను. ఆరేళ్ళది. ముందు "నిజానికి నువ్వు మంచిపిల్లవి" అన్నాను. తల వెనక్కి తిప్పి "ఎవరు కాదన్నారు పెద్దమ్మా?" అంది. కాసేపాగి, రెండో జడ అల్లుతూ "అసలు నువ్వు మంచిపిల్లవి సుమా" అన్నాను. "ఊఁ" అని, ఎర్ర రిబ్బనే కావాలంది.