సమస్యాపూరణం: "ఓడి నాకమ్ము గెలిచె సుయోధనుండు"

మిత్రులకు నమస్కారం. ఈ వారం తేటగీతి పద్యానికి చివరి పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి:

ఓడి నాకమ్ము గెలిచె సుయోధనుండు

నాకమంటే స్వర్గం, సుయోధనుడంటే దుర్యోధనుడే. యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షరం) ఓ–యో. పాదం అచ్చుతో మొదలవుతోంది కాబట్టి మూడో పాదం చివర వాక్యం పూర్తవ్వాలి, లేకపోతే సంధి అడ్డొస్తుంది. ఓడినవాడు గెలవడమేమిటని కంగారు పడొద్దు. తిక్కనగారి స్వర్గారోహణపర్వం తిరగేస్తే దారి దొరుకుతుంది. ఈసారి కౌరవుల వైపు నిలబడి చూడండి.

రాజమహేంద్రవరం మిత్రులు:

స్వర్గమందునఁ గురురాజు సౌరుఁ జూచి
కినిసె ధర్మజుండంతటఁ, గెంపు కనుల;
నారదుండిట్లు పలికె "నో నరవరేణ్య!
ఓడి నాకమ్ము గెలిచె సుయోధనుండు"

నడక హాయిగా ఉంది. నారదుడి నోట పెట్టడంతో సమస్య విడిపోయింది. స్వర్గంలో దుర్యోధనుడు వెలిగిపోతూ కనబడితే ధర్మరాజు కోపంతో ముఖం తిప్పుకున్న ఘట్టం అది. "కెంపు కనుల" వాక్యం చివర వేలాడుతోంది, అదొక్కటే లోటు.

వరంగల్ విద్యార్థి:

తొడలఁ గొట్టిన భీముఁడు దోషి గాఁగ
హలముఁ బట్టిన బలరాముఁ డనియె నపుడు:
"నియమముం దప్పి గెలిచియు నితఁడు వోడె;
ఓడి నాకమ్ము గెలిచె సుయోధనుండు"

భేష్ తమ్ముడూ! గెలిచినవాడు ఓడాడు, ఓడినవాడు గెలిచాడు. సమస్యలోని రెండు క్రియలనీ తిప్పి కొట్టావు. వ్యాసభారతం శల్యపర్వంలో బలరాముడు సరిగ్గా ఈ మాటే అంటాడు: ధర్మంగా పోరాడి పడిన దుర్యోధనుడికి శాశ్వతమైన గతి కలుగుతుందని. అయితే "ఇతఁడు వోడె" కుదరదు. అక్కడ ఉత్వసంధి నిత్యం, "ఇతఁడోడె" అయి గణం (గురులఘువుల లెక్క) చెడుతుంది. "నితఁడె యోడె" అని మార్చు. గణం నిలుస్తుంది, అర్థానికి బలమూ వస్తుంది.

రాజమహేంద్రవరం మిత్రులు: భాసుడి సంస్కృత నాటకం ఊరుభంగంలోనూ బలరాముడి కోపం ఉంది కదండీ?

ఉంది. అక్కడ ఆయన్ని శాంతింపజేసేది తొడలు విరిగిన దుర్యోధనుడే. ఆ నాటకాన్ని పండితులు గణపతిశాస్త్రిగారు 1912లో తిరువనంతపురం నుంచి అచ్చు వేశారు. అందులో పసివాడు దుర్జయుడు వచ్చి తండ్రి ఒళ్లో కూర్చుంటానంటాడు. కూర్చోబెట్టుకోవడానికి తండ్రికి తొడలు లేవు. ఎన్నిసార్లు చదివినా నాకు గొంతు పట్టేస్తుంది. శత్రువు వైపు నుంచి కథ చెప్పడమంటే నా దృష్టిలో ఇదీ. అతను మంచివాడని వాదించక్కర్లేదు, అతనికీ ఓ ఇల్లుందని చూపిస్తే చాలు.

కేరళలోని కొల్లంలో ఉద్యోగం చేస్తున్న సభ్యులు: ఇక్కడికి దగ్గర్లో పోరువళిలో మలనాడ అని దుర్యోధనుడి గుడి ఉంది. లోపల విగ్రహం ఉండదు. కల్లు నైవేద్యం పెడతారు. దాహంతో వచ్చిన రాజుకి ఒక ముసలమ్మ కల్లిచ్చిందని, ఆయన సంతోషించి భూమి ఇచ్చాడని స్థలపురాణం. ఊరివాళ్లు ఆయన్ని తాత అనే పిలుచుకుంటారు.

దాహమనఁగనె కల్లిచ్చి తనిపె నవ్వ
మలను మాన్యముగా నిచ్చె మనసు మెచ్చి
తరతరమ్ముల కవ్వారి తాత యయ్యె
ఓడి నాకమ్ము గెలిచె సుయోధనుండు

కథ బంగారం. కానీ మూడు పాదాలూ మలనాడలోనే ఉండిపోయాయి, నాలుగోది ఉన్నట్టుండి స్వర్గానికి ఎగిరింది. మధ్యలో వంతెన కావాలి. మూడో పాదం ఇలా ఉంటే ఎలా ఉంటుంది?

నాకమన నేమి? మనుమల నాల్కె కాదె?

కొల్లం సభ్యులు: చాలా బాగుందండీ. "మనుమల" అన్నాక తాత ఎలాగూ వచ్చేశాడు. మార్చుకుంటున్నాను.

గుంటూరు అక్కయ్య: అందరూ మెచ్చుకుంటున్నారు గానీ, నిండుసభలో ద్రౌపదికి తొడ చూపించిన సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదా? దానవీరశూరకర్ణ డైలాగులు వింటూ పెరిగినవాళ్లం, నాకూ సుయోధనుడంటే ఇష్టమే. ఇష్టం కదా అని సభాపర్వం చింపేస్తామా?

తొడనుఁ జూపిన దోసమ్ము తొడనె తీఱె;
కడను గదఁ బట్టి యొక్కఁడై కదలి వచ్చి
ప్రాణ మొసఁగెను, రణధర్మ ఫలము నందె;
ఓడి నాకమ్ము గెలిచె సుయోధనుండు

అక్కయ్యా, ఈ వారం మేటి పూరణ ఇదే. మొదటి పాదంలో నేరం, శిక్ష రెండూ ఒక్క తొడ మీదే తేలిపోయాయి. "కడను–కదలి", "ప్రాణ–ఫలము" యతులు వెతికి పెట్టినట్టు లేవు, మాటతో పాటే వచ్చాయి. రెండో పాదంలో "ఒక్కఁడై" అన్న మాట దగ్గర ఆగాను. పదకొండు అక్షౌహిణులు కూడగట్టినవాడు చివరికి ద్వైపాయన హ్రదమనే మడుగులోంచి తడిబట్టలతో ఒంటరిగా గట్టెక్కిన దృశ్యమంతా అందులో ఉంది. మడుగు పేరు ఎత్తకుండానే మడుగు కనబడింది. దోషం దాచకుండా గౌరవం ఇచ్చారు. కౌరవపక్షం రాసేవాళ్లకి నేను కోరేది అదే.

వరంగల్ విద్యార్థి: చిన్న సందేహం గురువుగారూ. "తీఱె" అనొచ్చా? తొడలు విరిగాక కూడా అశ్వత్థామని సేనాపతిని చేశాడు కదా. ఆ రాత్రి నిద్రలో ఉన్న ద్రౌపది కొడుకులు ఉపపాండవుల్ని చంపేశారు. ఆ వార్త విని సంతోషించి ప్రాణం విడిచాడు.

గట్టి ప్రశ్న. ద్రౌపదికి చేసిన అవమానం వరకూ "తీఱె" చెల్లుతుంది. ఆ రాత్రి లెక్క వేరు, అది ఏ పూరణలోనూ రాలేదు. ఆ రాత్రి కథ చెప్పే సౌప్తికపర్వాన్ని లోపలికి తెచ్చి, అయినా ఈ పాదం దగ్గరికే చేర్చగలిగితే చూడాలని ఉంది. నువ్వే మొదలుపెట్టు. ఆదివారం రాత్రి దాకా టైం ఉంది.