పీస్ లిల్లీ ఆకులు వాలిపోతే నీళ్లు పోయాలా, ఆపాలా?

మల్లెపందిరి (అనంతపురం)

సంక్రాంతి తర్వాత గోదావరి వైపు కడియం నర్సరీల నుంచి వచ్చిన లోడులో ఒక పీస్ లిల్లీ కొన్నాను. ఇంటికి తెచ్చి పెద్ద ప్లాస్టిక్ కుండీలోకి మార్చి హాల్లో కిటికీ పక్కన పెట్టాను. మార్చి దాకా బాగానే ఉంది, పువ్వు కూడా వేసింది. ఎండలు ముదిరినప్పటి నుంచి మధ్యాహ్నం అయితే చాలు, ఆకులన్నీ కుండీ అంచు మీదికి వాలిపోతున్నాయి. సాయంత్రానికి కొన్ని లేస్తాయి, కొన్ని లేవవు. మా అత్తమ్మ "దాహమేసింది, ఇంకో చెంబు పొయ్యి" అంటుంది. మా ఆయన "వేరు కుళ్లుతుంది, పోయొద్దు" అంటాడు. నర్సరీలో రోజూ పోయమన్నారు, రోజూ పోస్తున్నా. బోరు నీళ్లే. కుండీకి ఎదురుగా కూలర్ ఉంది. ఎవరి మాట వినాలో చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు)

అత్తమ్మ మాటే కరెక్ట్ అక్కా. పీస్ లిల్లీకి చెట్టు మాదిరి కట్టె ఉండదు. కాడలు నిలబడేది లోపల నీళ్ల ఒత్తిడితోనే. అది తగ్గితే వాలుతుంది, పోస్తే లేస్తుంది. మా ఇంట్లో వాలేదాకా ఆగి అప్పుడే పోస్తాం, రెండు మూడు గంటల్లో మళ్లీ నిటారుగా నిలబడుతుంది. ఎక్కువ పోసి చంపుకునేవాళ్లే ఎక్కువ, కాబట్టి అది అడిగేదాకా ఆగడమే మంచి పద్ధతి.

నాపరాయి అరుగు (కడప)

అన్నా, ఆమె రోజూ పోస్తున్నానని రాసింది. రోజూ పోసినా వాలే మొక్కకు ఇంకో చెంబు పోయమంటే ఎట్లా? ఎండిన మట్టిలో వాలడం వేరు, తడి మట్టిలో వాలడం వేరు. చూడ్డానికి రెండూ ఒకటే, అదే అసలు చిక్కు. మట్టిలో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉంటే వేరుకు గాలి అందదు. గాలి అందని వేరు నీళ్లు పీల్చలేదు. పైగా అలాంటి చోట పిథియం లాంటి సూక్ష్మజీవులు చేరి వేరును కుళ్లబెడతాయి. చుట్టూ నీళ్లున్నా మొక్క దాహంతోనే పోతుంది.

ఇంకోటి. వాలేదాకా ఆగే పద్ధతి జూలైలో చెల్లుతుందేమో, మన మే నెలలో చెల్లదు. బాగా ఎండిన ప్రతిసారీ సన్న వేర్లు చచ్చిపోతాయి, ఆకుల కొనలు గోధుమ రంగుకు తిరుగుతాయి. ఆకు వాలిందంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం.

అక్కా, ముందు ఒక చీపురుపుల్ల తీసుకుని కుండీ అడుగుదాకా గుచ్చి చూడండి. మట్టి అంటుకుని వస్తే నీళ్లు ఆపండి. పొడిగా వస్తే అత్తమ్మ గెలిచినట్టే.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు)

కుళ్లిన వేరైతే సాయంత్రానికి ఆకులు ఎందుకు లేస్తాయి? మధ్యాహ్నం వాలి సాయంత్రం లేచిందంటే ఆకు వదిలే నీళ్లు ఎక్కువ, వేరు పంపేది తక్కువ అని. ఎండాకాలం మన గాలిలో తేమే ఉండదు. చల్లబడగానే లెక్క సరిపోతుంది. ఇది గాలి సమస్య. స్ప్రే బాటిల్‌తో ఆకుల మీద కొట్టండి, కూలర్ ఎలాగూ ఉంది.

నాపరాయి అరుగు (కడప)

కొన్నే లేస్తున్నాయని కూడా రాసిందన్నా. సగం వేర్లు పోయిన మొక్క చల్లని పూట తట్టుకుంటుంది, ఎండ పూట తట్టుకోలేదు. అందుకే సాయంత్రం లేచింది కదా అని వేరు బాగుందనుకోలేం. స్ప్రే తేమ కొన్ని నిమిషాల్లో ఆరిపోతుంది, బోరు నీళ్లయితే ఆకుల మీద తెల్ల మచ్చలే మిగులుతాయి.

కూలర్ గాలి తడిగా ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. కానీ మధ్యాహ్నం ట్యాంకులో నీళ్లు అయిపోయి, ఎవరూ చూసుకోకపోతే, అదే కూలర్ బయటి వడగాలిని నేరుగా మొక్క మీదికి కొడుతుంది. కుండీని ఆ గాలి దారిలోంచి పక్కకు జరపడం మేలు. కిటికీ అరుగు మా ఇంట్లో మాదిరి కడప బండదైతే దాని మీద కూడా పెట్టొద్దు. ఎండకు కాలిన బండ రాత్రిదాకా వేడి వదలదు, ఆ వేడంతా కుండీ అడుగున వేర్లకే తగులుతుంది.

ఉప్పునీళ్ల బోరు (గుంతకల్లు)

మీరిద్దరూ నీళ్లు ఎంత అని వాదిస్తున్నారు గానీ ఏ నీళ్లు అని అడగలేదు. మన జిల్లాలో చాలా బోర్లలో ఉప్పు ఎక్కువ, ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. అక్కా, మట్టి మీద, కుండీ అంచున తెల్లటి పొర కట్టిందా? కడితే ఉప్పు పేరుకుపోయిందని అర్థం. మట్టిలో ఉప్పు ఎక్కువైతే తడి ఉన్నా వేరు లాక్కోలేదు. నీళ్లను రాత్రంతా బకెట్లో ఉంచితే క్లోరిన్ పోతుంది గానీ ఉప్పు పోదు, ఫ్లోరైడ్ పోదు. మరిగించినా పోదు.

ఆర్‌ఓ మిషన్ నుంచి బయటికి వచ్చే నీళ్లు వృథా అవుతున్నాయని కొందరు మొక్కలకు పోస్తారు. దయచేసి కుండీలకు అవి పోయకండి, బోరు నీళ్లకంటే ఉప్పగా ఉంటాయి. వాన నీళ్లు పట్టుకోగలిగితే అంతకు మించింది లేదు. లేకపోతే తాగే నీళ్లు సగం కలపండి.

చెనిక్కాయ పొట్టు (అనంతపురం)

నేను కొన్నాళ్లు నర్సరీలో పనిచేశాను. పుల్ల గుచ్చినా ఒక్కోసారి అసలు సంగతి బయటపడదు. దూరం నుంచి వచ్చే మొక్కలు చాలావరకు జిగటమట్టి ముద్దలో వస్తాయి. దాన్ని అలాగే తెచ్చి, చుట్టూ కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నింపి పెద్ద కుండీలో పెడతాం. ఆ ముద్ద ఒకసారి ఎండి గట్టిపడితే పోసిన నీళ్లు దాని పక్కలనుంచి జారి అడుక్కి పోతాయి. పైన వేలు పెడితే తడి, అడుగున బురద, మధ్యలో వేర్లున్న ముద్ద మాత్రం రాయి. అక్కా, ఒకసారి మొక్కను కుండీలోంచి బయటికి తీసి చూడండి, అప్పుడు వాదించుకుందాం.

సీమ పచ్చ (కర్నూలు)

అసలు ప్రశ్న వేరే ఉంది. ఇది మధ్య అమెరికా, దక్షిణ అమెరికా వాన అడవుల్లో చెట్ల నీడన పెరిగే మొక్క. అనంతపురంలో ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ. తక్కువ నీళ్లతో బతికే స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్, కలబంద ఉండగా దీన్ని తెచ్చి ఎందుకు అవస్థ పెట్టడం?

మల్లెపందిరి (అనంతపురం)

ఇష్టపడి తెచ్చుకున్నాను అన్నా, పారేయలేను.

కుండీలోంచి తీశాను. మధ్యలో ముద్ద నిజంగానే గట్టిగా ఉంది, గోటితో గీకితే పొడి రాలింది. దాని చుట్టూ కోకోపీట్ తడిగానే ఉంది. అడుగున వేర్లు గోధుమ రంగులో ఉన్నాయి, లాగితే పైతోలు ఊడిపోయి దారం లాంటి పోగు మిగిలింది, మురుగు వాసన. పక్కలనున్న వేర్లు తెల్లగా, గట్టిగానే ఉన్నాయి. కుండీ కింది ప్లేటులో నీళ్లు నిండా ఉన్నాయి. అంచున తెల్ల పొర కూడా ఉంది. ఇప్పుడేం చేయాలి?

చెనిక్కాయ పొట్టు (అనంతపురం)

ముద్దను తాగే నీళ్ల బకెట్లో అరగంట నానబెట్టి, మెత్తబడ్డాక వేళ్లతో నెమ్మదిగా మట్టి వదిలించండి. నీళ్లను పీడనంతో కొట్టొద్దు. మెత్తబడిన వేర్లను శుభ్రమైన కత్తెరతో తీసేయండి. పాత మట్టి వాడొద్దు, ఉప్పు బాధ కూడా దాంతోనే పోతుంది. ఈసారి చిన్న కుండీ, మట్టిదైతే మేలు. కోకోపీట్, వర్మీకంపోస్ట్, ముతక ఇసుక, కొంచెం వడ్ల పొట్టు కలపండి. ఎర్రమట్టి పిడికెడు చాలు. ప్లేటులో నీళ్లు నిలిస్తే వెంటనే పారబోయండి. వేర్లు తగ్గాయి కాబట్టి మూడో వంతు ఆకులు కూడా కోసేయండి.

నాపరాయి అరుగు (కడప)

అన్నీ ఒప్పుకుంటాను, ఆకులు కోయడం తప్ప. కొత్త వేరు పుట్టడానికి తిండి తయారుచేసేది ఆకే కదా. పసుపు తిరిగినవి, ఎండినవి తీస్తే చాలు. వేడి తగలకుండా ఉత్తరం కిటికీ దగ్గర నీడలో పెడితే మిగిలిన ఆకులను ఆ వేర్లు మోస్తాయి.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు)

వేరు సగం పోయిందన్నది ఒప్పుకుంటాను. ఆకుల విషయంలో నాది నర్సరీ అన్న మాటే. ఈ ఎండల్లో అన్ని ఆకులు ఉంచితే మళ్లీ వాలుతుంది, వాలగానే ఎవరో ఒకరు మళ్లీ నీళ్లు పోస్తారు.

మల్లెపందిరి (అనంతపురం)

పసుపువి మాత్రమే తీశాను. చిన్న మట్టి కుండీలోకి మార్చి, కూలర్‌కు దూరంగా లోపలి గదిలో పెట్టాను. పుల్ల చూడకుండా నీళ్లు పోయొద్దని అత్తమ్మకు చెప్పాను, పుల్ల ఆమే గుచ్చి చూస్తోంది. పువ్వు ఒకటి ఇంకా తాజాగా ఉంది. ఉంచనా?

చెనిక్కాయ పొట్టు (అనంతపురం)

తీసేయండి అక్కా, కాడ మొదలంటా కోసేయండి. ఆ బలం ఇప్పుడు వేరుకు కావాలి.