మాంత్రికుడికి కావలి: ‘కాచు’ అనే క్రియ మీద చర్చ

ప్రశ్న (గుంటూరు సభ్యురాలు):

మేము కొందరం ఆదివారాలు విజయవాడ మొగల్రాజపురంలో ఒక స్నేహితురాలి ఇంట్లో కూర్చుని డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం, ఒక్కొక్కరం ఒక్కో పాత్ర కట్టి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. ఈసారి కథ మొత్తం తెలుగులోనే నడపాలని అనుకున్నాం. నాది యోధురాలి పాత్ర. ఒక వృద్ధ మాంత్రికుడి వెంట ఉండి అతని ప్రాణాలకు పూచీ పడాలి. ‘నేను తమ అంగరక్షకురాలిని’ అంటే పౌరాణిక నాటకంలా ఉంటోంది. ‘బాడీగార్డ్’ అంటే మంత్రిగారి కారు వెనక పరుగెత్తే గన్‌మన్ గుర్తుకొస్తున్నాడు. నోటికి హాయిగా పలికే తెలుగు మాట ఏదైనా ఉందా?

జవాబు (విజయవాడ సభ్యుడు):

అమ్మా, మీ ప్రశ్న చూసి చాలా సంతోషించాను. నేనూ ఇదే ఊళ్ళో ఇదే ఆట ఆడతాను, ఎక్కువగా మాంత్రికుడి వేషమే కడతాను. కాబట్టి మీరు ఎవరికి అడ్డుగా నిలబడతారో వాళ్ళ వైపు నుంచి చెబుతున్నాననుకోండి.

పేరు తర్వాత చూద్దాం, ముందు క్రియను పట్టుకుందాం. మనకు ‘కాచు’ ఉంది. కావలి, కాపరి, కాపుదల, కాపాడు అన్నీ ఆ ఇంటివే. ‘కాపాడటం’, ‘కాయడం’ ఒకటే అనిపిస్తాయి కానీ కాదు. కాలవలో పడ్డ పిల్లవాణ్ణి కాపాడామంటాం, పొలాన్ని కాశామంటాం. మొదటిదాంట్లో ఆపద వచ్చేసింది. రెండోదాంట్లో ఇంకా రాలేదు, అసలు రాకనే పోవచ్చు. మన గుంటూరు పల్లెల్లో మిరపకాయలు ఆరబోసిన కల్లం దగ్గర నులకమంచం వేసుకొని, టార్చిలైటు తలకింద పెట్టుకొని, కుక్క మొరిగితే లేచి ఒక చుట్టు తిరిగి వచ్చే మనిషి చేసే పని కాయడమే. ఆ రాత్రి దొంగ రాకపోయినా అతని పని జరిగినట్టే. పైగా ‘కాచుకొని ఉండు’ అంటే వేచి ఉండు అని కూడా అర్థం. రక్షణ, నిరీక్షణ రెండూ ఒకే క్రియలో కలిసి ఉన్నాయి. మీ పాత్రకు కావలసింది సరిగ్గా ఇదే.

ఆట నియమాలూ ఈ మాటకు చక్కగా సరిపోతాయి. 2014 నాటి ఐదో కూర్పులో యోధులు ఎంచుకోదగిన పోరాట పద్ధతుల్లో ‘ప్రొటెక్షన్’ ఒకటి. చేతిలో డాలు ఉండాలి. మీ కంటికి కనిపిస్తున్న శత్రువు, మీకు అయిదు అడుగుల లోపున్న మరొకరి మీద దెబ్బ వేయబోతే మీరు అడ్డుకోవచ్చు. అప్పుడతను దెబ్బ తగిలేదీ లేనిదీ తేల్చే ఇరవై ముఖాల పాచికను రెండుసార్లు వేసి, తక్కువ పడినదాన్నే తీసుకోవాలి. ఇది మీ వంతులో చేసే పని కాదు, ఎదుటివాడి వంతులో చేసేది. మళ్ళీ మీ వంతు వచ్చేదాకా ఒక్కసారే దొరుకుతుంది. అంటే మొదటి బాణానికే డాలు ఎత్తేస్తే, రెండో బాణం వచ్చేటప్పుడు చూస్తూ నిలబడాల్సిందే. ఏ దెబ్బకు కదలాలి, ఏ దెబ్బను వదిలేయాలి అని కాచుకొని ఉండటమే మీ పాత్రకు ప్రాణం. చాలామంది యోధుల పాత్రధారులు తమ వంతు రాగానే కత్తి దూసి ముందుకు దూకుతారు. అయ్యవారు వెనక ఒంటరిగా మిగిలిపోతాడు. నాకు ఆ బాధ బాగా తెలుసు.

మాంత్రికుడికి ఈ కావలి ఎందుకంటే, అతను ఒంట్లో బలం లేనివాడు. యోధుడి ప్రాణబలం పది ముఖాల పాచికతో లెక్క, మాంత్రికుడిది ఆరు ముఖాలతో. 1978 నాటి నియమాల్లో అయితే నాలుగే. అంతకన్నా పెద్ద చిక్కు ఏకాగ్రత. కొన్ని మంత్రాలు వేసి వదిలేసేవి కావు, మనసులో పట్టుకొని ఉండాలి. పట్టుకొని ఉండగా దెబ్బ తగిలితే పాచిక వేయాలి. పది, లేదా తగిలిన దెబ్బలో సగం, ఏది ఎక్కువైతే అంత రావాలి. రాకపోతే మంత్రం చెదిరిపోతుంది. మీరు డాలు అడ్డం పెట్టినప్పుడు ఆ ముసలాయన ప్రాణంతోపాటు ఆయన సగంలో ఉన్న పనినీ కాస్తున్నారన్నమాట.

ఈ జంట మనకు కొత్తేమీ కాదు. బాలకాండలో విశ్వామిత్రుడు దశరథుణ్ణి రాముడి కోసం అడిగినప్పుడు చెప్పిన కారణం చూడండి: తనకు శక్తి లేక కాదు, ఆ వ్రతంలో ఉండగా కోపాన్ని వదలకూడదు, శాపం పెట్టకూడదు. మహా శక్తిమంతుడే, కానీ దీక్షలో ఉన్నంతసేపు చేతులు కట్టేసినట్టే. అందుకే పక్కన విల్లు పట్టినవాడు కావాలి. యాగం జరిగే రోజుల్లో ముని మౌనం పూనాడు. అన్నదమ్ములిద్దరూ ‘అనిద్రౌ షడహోరాత్రం తపోవనమరక్షతామ్’ అంటాడు వాల్మీకి. ఆరు పగళ్ళూ ఆరు రాత్రులూ నిద్ర లేకుండా తపోవనాన్ని కాచారు. మారీచ సుబాహులు వచ్చింది ఆ ఆరో రోజున. అంతవరకూ వాళ్ళు చేసినది అచ్చంగా కాయడమే.

ఇక పేరు. నా ఓటు ‘కావలి’కి. ‘కాపు’ కూడా మంచి పాతమాటే కానీ ఇప్పుడు మన ప్రాంతంలో అది వినగానే సామాజిక వర్గం గుర్తుకొస్తుంది, ఆటలో అనవసరం. ‘కావలి’కి ఆడా మగా తేడా లేదు కాబట్టి మీకు ‘రాలు’ తగిలించుకునే పని ఉండదు. ‘నేను మీ కావలిని’ అనండి, సరిపోతుంది. మాంత్రికుడి పేరు మాత్రం మార్చమని బతిమాలుతాను. మన జానపద కథల్లో మాంత్రికుడంటే రాకుమారిని ఎత్తుకుపోయేవాడు, చివర్లో చచ్చేవాడు. అలాంటివాణ్ణి కాయాలని వినేవాళ్ళకు అనిపించదు. ‘సిద్ధుడు’ అనవచ్చు. మీరు ఎదురుగా పిలిచేటప్పుడు ‘అయ్యవారూ’ అంటే ఇంకా బాగుంటుంది. చదువు చెప్పేవాడన్న గౌరవం ఆ పిలుపులోనే ఉంది.

పిలుపు సంగతి ఆడేముందే తేల్చుకోండి. ఇంగ్లీషులో ఆడినప్పుడు ఇద్దరికీ ఒకే సంబోధన, గొడవ లేదు. తెలుగులో మొదటి వాక్యంలోనే మీరా, నువ్వా అని తేలాలి. మా బల్ల దగ్గర కావలి ఎప్పుడూ ‘మీరు’ అనేవాడు, నేను ‘ఏమయ్యా’ అనేవాణ్ణి. పాత్రలకు గుర్తుగా బల్ల మీద పెట్టే మినియేచర్ బొమ్మలు దొరక్క కొండపల్లి దశావతారాల పెట్టెలోంచి నాకు గొడుగు పట్టిన వామనుణ్ణి, అతనికి గొడ్డలి పట్టిన పరశురాముణ్ణి పెట్టుకున్నాం. ఒకసారి గుహలో నేను మంత్రం పట్టుకొని ఉండగా పైనుంచి రాళ్ళు దొర్లాయి. అతను పరశురాముణ్ణి వామనుడి ముందుకు జరిపి, ‘నువ్వు కదలకు, నీ పని చూసుకో’ అన్నాడు. మొదటిసారి ‘నువ్వు’ అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా మాట్లాడటం మానేశారు. ఆ పైన ఏ సంభాషణా అవసరం లేకపోయింది. మర్నాటి మజిలీలో మళ్ళీ ‘మీరు’కు వచ్చేశాడు. అది ఇంకా బాగుంది.

తెనాలి సభ్యుడు:

తోట కావలి, చెరువు కావలి విన్నాం. మనిషికి కావలి అంటే లోకువగా లేదా? ‘కంటికి రెప్పలా కాపాడతాను’ అనిపిస్తే సరి కదండీ.

జవాబు:

లోకువ ఎక్కడిదండీ? ఇంద్రకీలాద్రి ఎక్కి దుర్గమ్మను ‘కాచి రక్షించు తల్లీ’ అని వేడుకునేదీ ఈ క్రియతోనే. తోటను కాచేవాడికీ, లోకాన్ని కాచే అమ్మకీ ఒకే మాట వాడే భాష మనది. ‘కంటికి రెప్ప’ అందమైన పలుకుబడే, కాదనను. కానీ దాన్ని పెద్దలు పిల్లల గురించి అంటారు, పెళ్ళికొడుకు మామగారితో అంటాడు. అందులో చూసుకునేవారు పెద్ద, చూడబడేవారు చిన్న. ఈమె కాయవలసింది తనకంటే వయసులో, చదువులో పెద్దవాణ్ణి. ఆయన ముఖం మీద ఆ మాట అంటే ఆయన నొచ్చుకుంటాడు. అయితే ఆయన స్పృహ తప్పి పడి ఉన్నప్పుడు, ఊరి వైద్యుడితో ‘కంటికి రెప్పలా చూసుకోండి’ అని ఈమె అంటే, అక్కడ బ్రహ్మాండంగా పండుతుంది.

గుంటూరు సభ్యురాలు:

‘కావలి’ ఖాయం చేసుకున్నానండీ. మా మాంత్రికుడి వేషం కట్టే అబ్బాయి మాత్రం, ‘ఆవిడ కాస్తుంది సరే, ఆ సమయంలో నేనేం అనాలి?’ అంటున్నాడు.

జవాబు:

అనడం కన్నా ముందు ఇవ్వమనండి. విశ్వామిత్రుడు దారిలోనే, సరయూ తీరంలో, రాముడికి బల, అతిబల విద్యలు ఉపదేశించాడు, అలసట రాకుండా. ఆ తర్వాతే కాపలా పెట్టాడు. ఆ అబ్బాయి కూడా తన రక్షణ మంత్రాల్లో ఒకటి రోజూ పొద్దున్నే మీ కోసం అట్టిపెట్టాలి. ఇక మాటంటారా, గుహలోకి అడుగుపెట్టేముందు ‘ఏమమ్మా, భోంచేశావా?’ అని అడగమనండి.